నలభై మూడు రొయ్యలు, రాగి నీళ్లు

జూన్ 28

ఇవాళ లెక్క నలభై మూడు.

మొదటిసారి నలభై ఒకటి వచ్చింది, రెండోసారి నలభై నాలుగు. రొయ్యల్ని లెక్కపెట్టడమంటే బడి వదిలిన పిల్లల్ని లెక్కపెట్టడమే. గోరంత ప్రాణులు. ఒంట్లోంచి వెనకున్న నాచు కనపడుతుంది. ఒకటి నాచులోకి దూరేలోగా ఇంకొకటి ఆకు కిందనుంచి బయటికొస్తుంది. మూడోసారి వచ్చిన లెక్కనే ఖాయం చేశాను. ఎండిన బాదం ఆకు ఒకటి నీళ్లలో వేశాను. ఉడికించిన పాలకూర కాడ రెండు గంటలుంచి తీసేశాను. అంతకంటే ఎక్కువసేపు ఉంచితే నీళ్లు పాడవుతాయి.

ఈ పుస్తకం ఇవాళే మొదలుపెట్టడానికి కారణం ఉంది. జూలై ఒకటి నుంచి మా నీళ్లు మారుతున్నాయి.

నా పేరు సైదు నాంచారమ్మ. మెట్టనగరంలో ఏడో నిలువు పంపుగది ఆపరేటర్ని. ముప్పై రెండు అంతస్తుల మేడని ఇక్కడ నిలువు అంటారు. నా ఇల్లు ఇరవై తొమ్మిదో అంతస్తులో. మునక వచ్చి ముప్పై ఎనిమిదేళ్లయింది. సముద్రం కొల్లేటిని కలిపేసుకుందని చెప్పి మమ్మల్ని లారీలెక్కించిన రోజు నాకు పన్నెండేళ్లు. అందరూ బియ్యం బస్తాలు, బీరువా తాళాలు పట్టుకుంటే, మా అమ్మ మూతున్న స్టీలు క్యాను పట్టుకుంది. అందులో కాలవ నీళ్లు, గుప్పెడు నాచు, పాతిక రొయ్యలు. దారి పొడుగునా క్యాను ఒళ్లోనే పెట్టుకుంది. పక్కనావిడ రాగి బిందె దగ్గరికి జరిపితే కసిరింది. "రాగి తగిలితే రొయ్య బతకదమ్మా, అవతల పెట్టు" అంది.

ఆ పాతిక సంతానమే ఇవి. ఆ కాలవ ఇప్పుడు లేదు.

జూలై 1 నుంచి శుద్ధజల సమితి మా గొట్టాల్లోకి రాగి వదులుతోంది.

జూలై 1

తామ్రజలం మొదలైంది. పొద్దున్నే ప్రతి అంతస్తులో మైకు మోగింది: గొట్టాల్లో పేరుకునే జిడ్డును రాగి చంపుతుంది, మన పెద్దలు రాగి చెంబుల్లో నీళ్లు తాగి నూరేళ్లు బతికారు, శుద్ధజల సమితి మీ ఆరోగ్యం కోరుతోంది.

నీలం ద్రావకం చుక్కలు చుక్కలుగా వదిలే యంత్రాలు రెండు పెట్టారు. ఒకటి కింద సంపులో. రెండోది మేడ మీది ట్యాంకులో. ఇరవై రెండో అంతస్తు దాకా నీళ్లు సంపు నుంచి నేరుగా ఎక్కుతాయి, ఆ పైన పది అంతస్తులకు మేడ మీది ట్యాంకు నుంచి దిగుతాయి. రెండు యంత్రాలకూ సమితి సీలు వేసింది. మేం ముట్టుకోకూడదు. ప్యానెల్లో కనిపించే అంకె చూసి రాసుకోవడమే మా పని. ఆ అంకె సంపులోని కొలత.

"మా నాయనమ్మ రాగి చెంబులో నీళ్లే తాగేది. తొంభై ఏళ్లు బతికింది," అన్నాడు గవర్రాజు గారు. నా తర్వాతి షిఫ్టు ఆయనదే.

"చెంబు వేరండి, ఈ ద్రావకం వేరు."

"ప్యానెల్ చూడు నాంచారమ్మా. సున్నా పాయింటు రెండు. అంతకి మించితే దానంతటదే ఆగిపోద్ది. ఇంకేంటి?"

ఆయనతో వాదించలేదు. పన్నెండేళ్ల కిందట పురుగు జ్వరంలో ఆయన భార్య పోయింది. ఇళ్లలో నిలవ నీళ్లే దానికి కారణమని తేల్చి, ఇంట్లో నీళ్లలో ఏ ప్రాణీ ఉండకూడదని సమితి నిబంధన పెట్టింది. ఆ నిబంధన కాగితాన్ని పంపుగది గోడకు అంటించింది గవర్రాజు గారే. చిరిగినప్పుడల్లా కొత్తది అంటిస్తాడు.

నా తొట్టి బాల్కనీలో, ఆరేసిన చీరల వెనక ఉంది. వాన నీళ్లు మాత్రమే పోస్తాను. ఈ సంగతి తెలిసింది పక్కింటి షహీదాకి ఒక్కదానికే.

జూలై 5

వాన లేదు. డబ్బాల్లో వాన నీళ్లు నలభై లీటర్లున్నాయి.

కుళాయి నీళ్లు తాగితే నోట్లో తుప్పు రుచి తగులుతోంది. షహీదా కూతురు రుహికి నాలుగో రోజు వాంతులు. ఐదేళ్ల పిల్ల. శనగలు పడలేదంటుంది షహీదా.

లెక్క నలభై మూడు.

జూలై 8

ఇవాళ రాయడానికి చేతులు రావడం లేదు. అయినా రాస్తాను.

గవర్రాజు గారు నాలుగో నిలువులో పని పడి వెళ్తే, ఆయన షిఫ్టు కూడా నేనే చేశాను. పొద్దున్న వెళ్లినదాన్ని సాయంత్రం ఐదింటికి ఇంటికొచ్చాను. తొట్టి అడుగున రొయ్యలు తెల్లబడి, కొన్ని గులాబి రంగు తిరిగి, పక్కకు వాలి పడున్నాయి. ముందు పెంకులేమో అనుకున్నాను. ఇవి పెరిగేటప్పుడు పాత పెంకు విడిచేస్తాయి, అది చచ్చిన రొయ్యలాగే ఉంటుంది. చెంచాతో తీసి చూశాను. పెంకులు కావు. పన్నెండు. అందులో ఒకదాని కడుపు కింద గుడ్లున్నాయి. మిగిలినవి పిచ్చెత్తినట్టు గాజుకు కొట్టుకుంటూ తిరుగుతున్నాయి.

ఉన్న వాన నీళ్లలో సగం బకెట్లో పోసి, బతికినవాటిని ఒక్కొక్కటే అందులోకి మార్చాను. ముప్పై ఒకటి.

చప్పుడు విని షహీదా వచ్చింది. బకెట్ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అక్కా, మధ్యాహ్నం చూస్తే నీళ్లు బాగా తగ్గున్నాయి. నువ్వు లేవు కదా అని నేనే ఒక చెంబు పోశా. కుళాయి నీళ్లు. తప్పయిపోయిందా?"

"ఎన్ని చెంబులు?"

"ఒక్కటే అక్కా. రుహి మీద ఒట్టు."

దాన్ని తిడదామని నోరు తెరిచి ఆగిపోయాను. తొట్టిలో నీళ్లు నలభై లీటర్లు. చెంబు లీటరు. ప్యానెల్ చెప్పేది సున్నా పాయింటు రెండు. నలభై లీటర్లలో ఆ కాస్త కలిస్తే రొయ్యలకు తెలియను కూడా తెలియదు. పన్నెండు చచ్చాయంటే ఆ చెంబులో వచ్చింది సున్నా పాయింటు రెండు కాదు. దానికి ఎన్నో రెట్లు.

ఆ కుళాయి నీళ్లే రుహి తాగుతోంది.

"శనగలు కావే," అన్నాను. "పిల్లకి ఇక కుళాయి నీళ్లు పట్టకు. నా వాన నీళ్లు తీసుకెళ్లు."

"మరి నీ రొయ్యలకి?"

"ముందు పిల్లకి పట్టు."

జూలై 9

గవర్రాజు గారికి చెప్పాను. పైన యంత్రం చెడింది, ప్యానెల్ చూసేది కింది నీళ్లనే, మేడ మీద ఏం జరుగుతోందో మనకు తెలియదు అని.

"నీకెలా తెలిసింది?" అన్నాడు.

అబద్ధం చెప్పొచ్చు. చెప్పబుద్ధి కాలేదు. రొయ్యల సంగతి మొత్తం చెప్పాను.

ఆయన ముఖం మాడిపోయింది. ప్యానెల్ వైపు తిరిగాడు.

"పన్నెండేళ్లు నా పక్క కుర్చీలో కూచున్నావు," అన్నాడు. "మా సత్యవతి ఎలా పోయిందో తెలుసు నీకు. అయినా ఇంట్లో పురుగుల్ని పెంచుతున్నావు."

"పురుగులు కావండి. అవి జ్వరాలు తేవు. పైగా ఇప్పుడు..."

"నేను రాసి పంపుతా. నీ మీదే. ఏమీ అనుకోకు."

"రాయండి. మేడ మీది యంత్రం సంగతి కూడా రాయండి."

"చూడనిది నేను రాయను."

జూలై 10

రాసి పంపాడట. పన్నెండో తేదీ సమితి ఇంజనీరు తనిఖీకి వస్తున్నట్టు మా ఇంటి నీళ్ల మీటరు తెర మీద కబురొచ్చింది. తనిఖీ రొయ్యల కోసం. నీళ్ల గురించి అందులో ఒక్క ముక్క లేదు.

రానీ.

చీరలు తీసేసి, నేనూ షహీదా కలిసి తొట్టిని కడిగి, బకెట్లోని నీళ్లతో సహా రొయ్యల్ని మళ్లీ అందులోకి వదిలి, బాల్కనీలోంచి హాల్లోకి మోశాం. వీధి తలుపు బార్లా తీసి, ఎదురుగా బల్ల మీద పెట్టాను. ముప్పై ఎనిమిదేళ్లు పెంచాం, మా అమ్మా నేనూ. నిబంధన వచ్చాక పన్నెండేళ్లు దాచాం. ఇక చాలు. మధ్యాహ్నానికి పిల్లలు గుంపు కట్టారు. సాయంత్రానికి పెద్దవాళ్లూ వచ్చారు. కొందరు గుమ్మం దగ్గరే ముక్కు మూసుకుని నిలబడ్డారు. ముప్పై ఒకటో అంతస్తు ముసలాయన మాత్రం తొట్టి ముందు గొంతుక్కూర్చుని, "రొయ్యేనా? నిజంగా రొయ్యేనా?" అంటూ కళ్లు తుడుచుకున్నాడు.

వచ్చిన ప్రతివాళ్లనీ ఒకటే అడిగాను: ఏ అంతస్తు, ఇంట్లో ఎవరికైనా వాంతులా, కడుపునొప్పా? ఇరవై రెండు దాకా ఎవరికీ ఏమీ లేదు. ఇరవై మూడు నుంచి పైకి ముప్పై నాలుగు ఇళ్లలో ఉంది. ఎవరింట్లో వాళ్లు తిన్నది పడలేదనుకున్నారు.

జూలై 12

వరసగా రాస్తాను.

ఇంజనీరు పేరు పృథ్వీధర్. ముప్పై ఏళ్లుంటాయి. మర్యాదస్తుడే. తొమ్మిదింటికి మూత ఉన్న డబ్బా పట్టుకుని వచ్చాడు, రొయ్యల్ని తీసుకెళ్లడానికి. నేను అప్పటికే కింద వరండాలో బల్ల వేసి మూడు గాజు జాడీలు పెట్టాను. చుట్టూ జనం. గవర్రాజు గారు పంపుగది గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇదంతా ఏంటమ్మా?"

"మీరొచ్చింది వీటి కోసమే కదండి. మధ్యాహ్నం దాకా వీటితో నాకు పనుంది. తర్వాత మాట్లాడుకుందాం."

మొదటి జాడీలో పది గ్లాసుల వాన నీళ్లు. రెండోదాంట్లో పది గ్లాసుల వాన నీళ్లకి ఒక గ్లాసు సంపు నీళ్లు. మూడోదాంట్లో పది గ్లాసులకి ఒక గ్లాసు మా ఇంటి కుళాయి నీళ్లు. ఒక్కోదాంట్లో నాలుగేసి రొయ్యల్ని వదిలాను. అందరి ముందూ, గ్లాసులు లెక్కపెడుతూ.

"రొయ్యలు రాగికి తట్టుకోవని పుస్తకాల్లోనే ఉందమ్మా," అన్నాడు పృథ్వీధర్. "అవి చచ్చినంత మాత్రాన మనుషులకి హాని అని ఎలా అంటారు?"

"అందుకే రెండో జాడీ పెట్టానండి. అందులోదీ మీ రాగే. పైనా కిందా ఒకటే నీళ్లయితే రెండు జాడీల్లోనూ ఒకటే జరగాలి. అవునా?"

ఆయన ప్యానెల్ వైపు చూశాడు. "సాంపిల్ తీసుకుని ల్యాబుకి పంపుతాను. మూడు వారాల్లో..."

"మూడు వారాలు మా పిల్లలేం తాగాలి?" అంది షహీదా. రుహి దాని భుజం మీద వాలిపోయి ఉంది.

ఆయన కూర్చున్నాడు. అందరం కూర్చున్నాం.

పదిన్నరకి మూడో జాడీలోవి గాజుకు కొట్టుకుంటూ గిరగిరా తిరగడం మొదలుపెట్టాయి. పదకొండుకి ఒకటి పక్కకు వాలింది. కాళ్లు కాసేపు ఆడి ఆగాయి. ఒక పిల్ల "తీసెయ్ అత్తా, తీసెయ్" అని ఏడ్చింది. నాకూ చెయ్యి పెట్టి తీసెయ్యాలనిపించింది. పిడికిలి బిగించి ఒళ్లో పెట్టుకున్నాను. మా అమ్మ లారీలో ఒళ్లో పెట్టుకుని కాపాడినవాటిని నా చేత్తో చంపుతున్నాను. నాలుగింటినీ నేనే ఏరి వేశాను. ఇది రాసుకోవాలి, రాసుకుంటున్నాను.

పన్నెండయ్యేసరికి మూడో జాడీలో నాలుగూ పోయాయి. మొదటి జాడీలో నాలుగు, రెండో జాడీలో నాలుగు, అడుగున గాజు గీరుకుంటూ తిరుగుతున్నాయి.

నేను లేచి పంపుగదిలోకి వెళ్లి కటింగ్ ప్లయర్ తీసుకున్నాను.

"ఎక్కడికమ్మా?" అన్నాడు పృథ్వీధర్.

"మేడ మీదికి."

"సీలు తెంపితే ఉద్యోగం పోతుంది. పై అధికారుల అనుమతి రావాలి. నేను కూడా తెంపలేను."

"మీరు తెంపొద్దు. నేను తెంపుతాను. నా పేరు రాసుకోండి. సైదు నాంచారమ్మ. ఇంటిపేరు తప్పు రాయకండి."

లిఫ్టులో పట్టినంతమంది ఎక్కారు, మిగిలినవాళ్లు మెట్లెక్కారు. సీలు ఒక్క నొక్కుకే తెగింది. మూత ఎత్తితే లోపల అంతా నీలం పెచ్చు. చుక్కలు వదిలే గొట్టం మూసుకోకుండా ఇరుక్కుపోయింది. మోటారు ఆగినా ద్రావకం ఆగకుండా ధారగా ట్యాంకులోకి పోతూనే ఉంది. పన్నెండు రోజులుగా.

పృథ్వీధర్ ముఖంలో నెత్తురు లేదు. వెనకనుంచి ఒక చెయ్యి నన్ను పక్కకు జరిపింది. గవర్రాజు గారు. వాల్వు కట్టేసి, ట్యాంకు ఖాళీ చేసే మర తిప్పాడు. "పైన పది అంతస్తులకీ నీళ్లు ఆపండి. ఎవరూ చుక్క తాగకండి," అని కేకేశాడు. నా వైపు చూడలేదు.

జూలై 14

వాన! షహీదా బిందెలు, బేసిన్లు, పప్పు గిన్నెలు కూడా బాల్కనీలో పెట్టింది.

రుహి రెండు రొట్టెలు తింది.

జూలై 16

సమితి నోటీసు. నేరాలు రెండు. ఒకటి సీలు తెంపడం. రెండు ప్రాణుల్ని పెంచడం, అడిగినా అప్పగించకపోవడం. "ఎందుకు అప్పగించలేదో వివరించవలెను" అని ఉంది. కింద జవాబు రాయడానికి పది గీతలు ఇచ్చారు. నాకు ఒక గీత చాలింది: మీ ప్యానెల్ చెప్పనిది అవి చెప్పాయి కనక.

నిలువులో రెండు వందల ఇరవై ఇళ్లవాళ్లు సంతకాలు పెట్టిన కాగితం కూడా జతచేశాను. గవర్రాజు గారి సంతకం అందులో లేదు. అడగలేదు, ఆయనా పెట్టలేదు.

జూలై 18

తీర్పు లాంటిది వచ్చింది. విచారణ తేలేదాకా తామ్రజలం ఆపుతారు. రొయ్యలు పంపుగదిలో, సమితి అధీనంలో ఉండాలి. సీలు తెంపినందుకు నాకు పది రోజులు సస్పెన్షన్. ఆ పది రోజులూ పంపుగది గడప తొక్కకూడదు.

తొట్టి మోసుకెళ్లి ప్యానెల్ పక్కన పెట్టాం. ఇరవై ఏడు.

వెళ్లేముందు పంపుగది రిజిస్టరు తీశాను. సమయం, ప్రెజరు, క్లోరిన్, రాగి, సంతకం: అచ్చువేసిన గడులు ఇవే. రాగి పక్కన స్కేలు పెట్టి ఇంకో గడి గీశాను. పైన "రొయ్యలు" అని రాసి, కింద "27" వేశాను. విచారణ తేలేదాకా రోజూ రిజిస్టరు చూడటానికి వచ్చే పని పృథ్వీధర్‌ది. చూసి ఎర్ర సిరాతో కొట్టేశాడు. "నమూనాలో లేని గడి అమ్మా. నా చేతుల్లో లేదు."

"గీసింది నా చేతులండి," అన్నాను. పక్కనే మళ్లీ గీశాను. మళ్లీ కొట్టేశాడు.

గవర్రాజు గారికి అప్పగింతలు చెప్పబోయాను. వారానికొక బాదం ఆకు, పాలకూర కాడ రెండు గంటలే, పోసేది వాన నీళ్లే, అదీ పక్కనుంచి మెల్లగా...

"నాకు చెప్పకు," అన్నాడు. "నేను వాటిని ముట్టను."

జూలై 23

ఐదు రోజులు. ఏ కబురూ లేదు. షహీదా వెళ్లి పంపుగది కిటికీలోంచి చూడబోతే తెర వేసి ఉందట.

ముట్టనన్నాడు. ఆకలికి చావవు, నాచు ఉంది. వేడికి చస్తాయి. నీళ్లు తగ్గితే చస్తాయి. ఆయన కుళాయి నీళ్లు పోస్తే క్లోరిన్‌కి చస్తాయి.

చచ్చినా సరే, ఇరవై తొమ్మిదో తేదీ పొద్దున్న వెళ్లి ఆ గడి గీస్తాను. సున్నా అయితే సున్నా వేస్తాను.

జూలై 29

ఆరింటికి వెళ్లాను. తెర ఇంకా వేసే ఉంది. ఎండ పడకుండా వేశాడట. తొట్టి నిండుగా ఉంది. నీళ్ల మీద కొత్త బాదం ఆకు తేలుతోంది. నాకు లెక్కపెట్టడం చేతకాలేదు, కళ్లు మసకలు కమ్మాయి. రిజిస్టరు తీశాను.

జూలై 19న గడి లేదు.

20న రాగి పక్కన పెన్సిలుతో వంకర గీతలు. "రొయ్యలు 22?" మీద ఎర్ర గీత.

21న "25." ఎర్ర గీత.

22న పెన్ను. "27. రెండు నాచు కింద ఉన్నవి." ఎర్ర గీత.

24న "27. ఒకటి చచ్చింది అనుకున్నాను. పెంకు." ఎర్ర గీత.

26న గీతలు స్కేలు పెట్టి గీసినవి. "27. కొట్టివేసిన యెడల మరల వ్రాయుదును. బి. గవర్రాజు."

27న 27. 28న 27. వాటి మీద ఎర్ర సిరా లేదు.

ఆయన మూలన ఫ్లాస్కులో టీ పోసుకుంటున్నాడు.

"ముట్టనన్నారుగా," అన్నాను.

"ముట్టలేదు. చూశా." గ్లాసు నా చేతికిచ్చాడు. "వాన నీళ్లూ, పాలకూరా ఆ షహీదానే తెచ్చిచ్చేది. నీకు చెప్పొద్దన్నాను."

"పది రోజులు నిద్రపట్టలేదండి నాకు."

"నాకు పన్నెండేళ్లుగా పట్టలేదు." కుర్చీలో కూర్చుని తొట్టి వైపు చూశాడు. "సత్యవతి పోయిన ఏడాది కూడా ఈ ప్యానెల్ బాగానే ఉందని చూపించింది నాంచారమ్మా. నేనే రాసుకున్నా రోజూ. నీళ్లలో ఏముందో చెప్పేది ఇంకోటి లేదు మనకి."

టీ తాగాను.

కాసేపటికి స్కేలు నా ముందుకు తోశాడు. "ఇవాళ్టి గడి నీది. పదింటికి ఆ కుర్రాడొస్తాడు ఎర్ర పెన్ను పట్టుకుని. లావుగా గీయి."

లావుగా గీశాను. ఇద్దరం చెరో పక్కనుంచి లెక్కపెట్టి, ఒకే అంకె వచ్చేదాకా మళ్లీ లెక్కపెట్టి, ఇరవై ఏడు వేసి, కింద ఇద్దరం సంతకాలు పెట్టాం.